పటం మీది పర్వతం

నీటిరంగులతో పాత పద్ధతిలో వేసిన చిత్రంలో తెల్లరంగు ఉండదు. మబ్బు అంచు, మంచు కప్పిన శిఖరం, అల మీద తళుకు, ఇలా చూసేవాడికి తెల్లగా తోచే ప్రతిచోటా కనబడుతున్నది కాగితమే. చిత్రకారుడు వెలుగును ఎక్కడినుంచో తెచ్చి అక్కడ పెట్టలేదు. కాగితాన్ని కప్పకుండా వదిలాడు, లేదా కప్పినదాన్ని తీసేశాడు. రంగు వేసిన చోట జరిగేదీ ఇంతే. పలచటి రంగుపొరలోంచి వెలుతురు లోపలికి వెళ్లి, కాగితాన్ని తాకి, మళ్లీ ఆ పొరలోంచే వెనక్కి వచ్చి మన కంటికి అందుతుంది. నీలం చూస్తున్నామనుకుంటాం. నిజానికి నీలంలోంచి కాగితాన్ని చూస్తున్నాం.

ఆంగ్ల చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ 1842లో వేసిన ‘నీలి రిగి, సూర్యోదయం’ గురించి ఆలోచించిన ప్రతిసారీ నా మనసు ఈ సంగతి దగ్గరే నిలిచిపోతుంది. ఆ చిత్రం పెద్దదేమీ కాదు. ఎత్తు 30 సెంటీమీటర్లకు, వెడల్పు 45 సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో లూసర్న్ సరస్సు, దాని ఆవలి ఒడ్డున రిగి అనే కొండ. కొండ వెనక తెల్లవారుతోంది. సూర్యబింబం ఇంకా పైకి రాలేదు. ఆకాశం అడుగున లేత పసుపు పరుచుకుని, పైకి పోయేకొద్దీ చల్లటి నీలంలో కలిసిపోతుంది. నడుమ వెడల్పుగా, ఒకే నీలి రాశిగా పర్వతం. దాని కింద నిలిచిన నీరు. ఆ నిశ్చలత అంతటికీ ముందు, మనకు దగ్గరగా, ఒక్కటే అలజడి: వేటకుక్కలు నీళ్లలోకి దూకుతున్నాయి, బాతులు బెదిరి లేస్తున్నాయి.

టర్నర్ 1775లో లండన్‌లో ఒక మంగలి ఇంట పుట్టాడు. 1802లో మొదటిసారి ఆల్ప్స్ పర్వతాలను చూశాడు. ఆ వయసులో అతణ్ని పట్టుకున్నవి లోయలు, హిమపాతాలు, తుపానులు, మనిషిని నలుసు చేసి చూపే భయంకర సౌందర్యం. రొమాంటిక్ యుగపు కళాకారులెందరినో పట్టిన ఆకర్షణే అది. కానీ 1841 నుంచి 1844 దాకా వరసగా నాలుగు వేసవులు స్విట్జర్లాండ్‌కు తిరిగి వెళ్లిన టర్నర్ అరవై దాటినవాడు. లూసర్న్‌లో సరస్సు ఒడ్డున, హంస పేరు పెట్టుకున్న ఒక సత్రంలో దిగేవాడు. అక్కడినుంచి చూస్తే నీటికి ఆవల రిగి. అది గొప్ప ఎత్తేమీ కాదు, 1,800 మీటర్లకు కాస్త తక్కువ. ఆల్ప్స్‌లో అంతకు రెండింతలకు మించిన శిఖరాలున్నాయి. అయినా ముదిమిలో అతను మళ్లీమళ్లీ చూసింది ఈ సాదా కొండనే.

అప్పటికే రిగికి యాత్రికులు బారులు కట్టేవారు. 1816లోనే శిఖరం మీద సత్రం వెలిసింది. రాత్రి అక్కడ పడుకుని, చీకటితో లేచి, కొండకొన మీద నిలబడి సూర్యోదయం చూడటం ఐరోపా యాత్రలో ఒక ముఖ్యఘట్టం. టర్నర్ రిగి చిత్రాల్లోని చూపు వేరు. అవి కొండ ఎక్కి సూర్యుణ్ని చూపవు. సూర్యుడు కొండను ఎలా మారుస్తున్నాడో కిందినుంచి, నీటి ఒడ్డునుంచి చూపుతాయి. అందరూ ద్రష్టవ్యమనుకున్నదాన్ని పక్కనపెట్టి, అది దేనిమీద పడుతోందో చూసిన చూపు అది. అంతర్ముఖమైన చూపుకు ఇది మొదటి మెట్టు అనిపిస్తుంది నాకు. వెలుగును వెతుక్కుంటూ పోవడం ఒకటి, మన ఎదుట ఉన్నది ఏ వెలుగులో కనబడుతోందని అడగడం ఇంకొకటి.

ఆ కొండనే మూడు పూర్తి చిత్రాలుగా వేశాడు. నీలి రిగి, ఎర్ర రిగి, చీకటి రిగి. వీటిని అమ్మడానికి థామస్ గ్రిఫిత్ అనే డీలర్‌ను ఆశ్రయించాడు. కొత్త తీరు చిత్రాలు కావడంతో పాత పోషకులు సైతం వెనకాడారు. నీలి రిగిని చివరికి తిమింగలాల నూనె వర్తకుడు ఎల్హనన్ బిక్నెల్ తీసుకున్నాడు. ఎర్ర రిగి ఇప్పుడు మెల్బోర్న్‌లో ఉంది.

మూడు చిత్రాలు, ఒకే కొండ అనగానే వేదాంతం చదివినవాడికి జాగ్రత్, స్వప్న, సుషుప్తులు, అంటే మెలకువ, కల, గాఢనిద్ర, గుర్తుకు రాక తప్పదు. ఎరుపు జాగ్రత్తు, నీలం స్వప్నం, చీకటి సుషుప్తి, కొండ ఆ మూడింటికీ ఆధారమైన తురీయం అని చెప్పేస్తే వినడానికి ఇంపుగానే ఉంటుంది. నేను ఆ దారి పట్టను. మూడింటిలో రెండు తెల్లవారుజాములే, ఒక్కటే సాయంత్రం. ఈ అవస్థల గురించి మాండూక్యోపనిషత్తు చెప్పినది అనుభవానికి సంబంధించిన విభాగం, రోజులోని వేళలకు సంబంధించినది కాదు. సామ్యం దొరికిందని ఒకదానిలోకి ఇంకొకదాన్ని కుక్కితే చిత్రానికీ అన్యాయం, శాస్త్రానికీ అన్యాయం.

అంతకన్నా గట్టి సంగతి ఆ రంగుల కారణంలోనే ఉంది. రిగి లూసర్న్‌కు తూర్పున ఉంది. కాబట్టి పొద్దు దాని వెనకనుంచి పొడుస్తుంది. వెలుతురు వెనక ఉండి, నీడపక్క మనవైపు తిరిగి ఉన్నప్పుడు, మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి చెదరగొట్టిన నీలికాంతే మన కంటికి ఎక్కువగా చేరుతుంది. ఆ నీలం కొండది కాదు, నడుమనున్న గాలిది. సాయంత్రం సూర్యుడు పడమటికి వచ్చాక, వాలిన కిరణాలు చాలా దూరం గాలిలో ప్రయాణించి, నీలాన్ని దారిలోనే పోగొట్టుకుని, మిగిలిన ఎరుపుతో కొండను నేరుగా తాకుతాయి. ఆ ఎరుపూ కొండది కాదు. పడవెక్కి వెళ్లి రిగిని ముట్టుకుంటే దొరికేది గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన బూడిదవన్నె రాయి, పచ్చిక. నీలం ఎక్కడా దొరకదు.

బ్రహ్మసూత్రభాష్యానికి ముందు శంకరులు రాసిన అధ్యాసభాష్యంలో ఒక పెద్ద ఆక్షేపణ వస్తుంది. కంటికి విషయమైన వస్తువు మీదే కదా ఇంకొకదాన్ని ఆరోపించగలం? తాడు కనబడితేనే పాము తోస్తుంది. ఆత్మ విషయమే కానప్పుడు దానిమీద అధ్యాస ఎలా కుదురుతుందని ప్రశ్న. ఆయన సమాధానాల్లో ఒకటి ఆకాశం. ఆకాశం ఇంద్రియానికి విషయం కాదు. అయినా వివేకం లేనివాళ్లు దానికొక అడుగున్నట్టు, మాసిన రంగున్నట్టు ఆరోపిస్తారు. టర్నర్ కొండమీద కనబడే నీలం సరిగ్గా ఆ ఆకాశపు నీలమే, కాస్త కిందికి దిగి కొండకు అంటుకుంది. ఇందులో నన్ను కదిలించేది భ్రాంతి ఉందన్న విషయం కాదు. భ్రాంతి అని తెలిసిన తర్వాత కూడా ఆ నీలం అలాగే, అంతే అందంగా ఉండటం. రంగుల గురించీ కాంతి గురించీ జీవితమంతా తెలుసుకుంటూ వచ్చినవాడు టర్నర్. తెలిసినందువల్ల అతనికి నీలం మాయమైపోలేదు. ఇంకా ప్రేమగా వేశాడు.

ఇక్కడ పంచదశి తెరవాలి. పద్నాలుగో శతాబ్దంలో శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యుల పేరుతో ప్రసిద్ధమైన ఈ గ్రంథంలో పదిహేను ప్రకరణాలు. ఐదు వివేకాలు, ఐదు దీపాలు, ఐదు ఆనందాలు. దీపాల్లో మొదటిది చిత్రదీపం. పేరుకు తగ్గట్టే ఆ ప్రకరణం ఒక చిత్రపటంతో మొదలవుతుంది. పటానికి, అంటే బొమ్మ వేసే బట్టకు, నాలుగు అవస్థలు చెబుతారు. ఉతికి తెల్లగా ఉన్నప్పుడు ధౌతం. గంజి పట్టించి గట్టిపరిచినప్పుడు ఘట్టితం. సిరాతో ఆకారాలు గీసినప్పుడు లాంఛితం. రంగులు నింపినప్పుడు రంజితం. పరమాత్మకూ ఇలాగే నాలుగు అవస్థలట. తనంత తానుగా చిత్తు, మాయతో కూడినప్పుడు అంతర్యామి, సూక్ష్మసృష్టితో సూత్రాత్మ, స్థూలసృష్టితో విరాట్టు.

ఇది పుస్తకంలోని ఊహాచిత్రం అనుకునేవాళ్లు శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ పనివారి దగ్గర కూర్చుంటే చాలు. బట్టను మొదట బాగా ఉతుకుతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నానబెట్టి తీసిన నల్లని ద్రవంతో కలం పట్టి గీతలు గీస్తారు. ఆ తరువాతే రంగులు. విద్యారణ్యుల నాలుగు మాటలూ ఆ క్రమంలోనే అక్కడ ఇప్పటికీ జరుగుతున్నాయి. పాలలో ముంచకపోతే నలుపు బట్టమీద చుట్టూ పాకిపోతుంది. ఘట్టితం అన్న అవస్థ ఎందుకు అవసరమో అక్కడ కళ్లారా తెలుస్తుంది. ఉతికిన బట్ట ఏ రూపాన్నీ ధరించదు. అలాగే చిత్తుకు రూపాన్ని ధరించగల యోగ్యత మాయాశక్తి వల్లనే వస్తుంది.

టర్నర్ కాలంలో మంచి ఇంగ్లీషు కాగితం చెట్టుగుజ్జుతో చేసింది కాదు. పాత నార బట్టలను, వాడి వాడి చిరిగిన పేలికలను ఉతికి, నలగ్గొట్టి, గుజ్జు చేసి, జల్లెడ మీద ఎత్తి కాగితం తీసేవారు. అంటే అతని కాగితమూ పూర్వాశ్రమంలో పటమే. ఆరిన కాగితాన్ని జంతుచర్మాలనుంచి కాచిన జిగురులో ముంచేవారు. అది ఘట్టితం. పెన్సిలుతో కొండ గీత, ఒడ్డు గీత లేతగా గీసుకోవడం లాంఛితం. ఆపైన నీలాలు, పసుపులు పొరమీద పొరగా రావడం రంజితం. దక్షిణభారతంలో రాసిన శ్లోకాలకూ ఆంగ్లదేశపు మిల్లుకూ ఏ సంబంధమూ లేదు. టర్నర్ పంచదశి చదివాడని నేను చెప్పబోవడం లేదు, చదివే అవకాశమూ లేదు. బట్ట మీద బొమ్మ వేసే పని ఎక్కడైనా అదే కాబట్టి, పనిని శ్రద్ధగా చూసిన ఋషికీ, పనిని శ్రద్ధగా చేసిన చిత్రకారుడికీ ఒకే నిజం తగిలింది.

ఆ నాలుగు అవస్థల్లో సాధారణంగా జారవిడిచే విషయం ఒకటుంది. అవి నాలుగు మెట్లు కావు. ఒకటి దాటి రెండోదానికి వెళ్లడం అక్కడ లేదు. రంజితమైన పటంలోనూ ధౌతపటం పూర్తిగా ఉంది, ఒక్క పోగు తగ్గకుండా ఉంది. నీలి రిగి పూర్తయినరోజున కాగితం ఎక్కడికీ పోలేదు. చిత్రంలో ఉన్న ప్రతి అంగుళమూ అదే. సాధకులు బ్రహ్మాన్ని సృష్టికి ముందెప్పుడో ఉన్నదిగా, ప్రళయం తర్వాత మళ్లీ మిగిలేదిగా ఊహించుకుని, ఈ మధ్యకాలంలో తమకు దూరమైందని దిగులుపడతారు. బొమ్మ వేశాక కాగితం దూరమైందని దిగులుపడటం లాంటిదే అది.

చిత్రదీపంలో తరువాత వచ్చే మాట ఇంకా ఆశ్చర్యకరమైనది. పటంలో మనుషుల బొమ్మలు గీస్తాం. వాళ్లకు బట్టలు కూడా గీస్తాం. ఆ గీసిన బట్టలు అసలు బట్టలాగే కనబడతాయి, కానీ చలి ఆపవు. అసలైన బట్ట వాటికింద ఉంది. అలాగే చైతన్యం మీద కల్పితమైన దేహాలకు చైతన్యంలా కనబడే ఒక ఆభాస ఉంటుంది. దాన్నే చిదాభాసం అన్నారు. ‘నేను’ అంటూ సంసారంలో తిరిగేది ఆ ఆభాసమే. ఇంతవరకు చెప్పి విద్యారణ్యులు పర్వతాల దగ్గరికి వస్తారు. చిత్రంలో కొండలకు ఎవరూ బట్టలు గీయరు కదా. అలాగే సృష్టిలోని మట్టి వంటి జడపదార్థాలకు చిదాభాసం లేదంటారు.

జడాజడ విభాగం కోసం చెప్పిన మాట ఇది. ఈ మాటను చేత్తో పట్టుకుని టర్నర్ కొండముందు నిలబడితే నాకు మరో అర్థం తోస్తుంది. మనిషి బొమ్మను చూసినప్పుడు మన కన్ను గీసిన బట్ట దగ్గర ఆగిపోతుంది. చీర అంచు, తలపాగా మడత, దాని వెనక ఆ మనిషి ఎవరన్న ఆలోచన, ఎంత ధనవంతుడన్న లెక్క. అసలు బట్ట గుర్తుకే రాదు. ఎందుకంటే దాన్ని పోలినదొకటి దాని స్థానంలో కూర్చుంది. కొండకు అలాంటి దొంగబట్ట లేదు. అది ‘నేను’ అనదు. దానికి పేరు మనమే పెట్టాం. అందుకే కొండబొమ్మ దగ్గర అసలు పటం తొందరగా కంటికి ఆనుతుంది. మనుషులను చిత్రంలోంచి తీసేసి, లేదా చీమలంత చేసి, కొండకూ నీటికీ చోటంతా ఇచ్చిన ఆ యుగపు కళాకారులు ఏదో మానవద్వేషంతో ఆ పని చేశారని నేను అనుకోను. చిదాభాసపు సందడి తక్కువైన చోట సత్తు స్ఫుటంగా ఉంటుంది. ఉన్నది, తెలుస్తున్నది, ప్రియమైనది, పేరు, రూపం అని ప్రతి వస్తువులోనూ ఐదు అంశాలు చెప్పింది దృగ్దృశ్యవివేకం అనే వేదాంతగ్రంథం. వాటిలో మొదటి మూడూ కొండకు పూర్తిగా ఉన్నాయి. మిగిలిన రెండూ ఆ తెల్లవారుజామున మసకబారి, కేవలం ఉనికి, కేవలం తెలియడం, చెప్పరాని ఇష్టం మిగిలాయి. కొండలు చూస్తే మనసు ఎందుకు నెమ్మదిస్తుందన్న ప్రశ్నకు నాకు ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

ఇప్పుడు ముందుభాగంలోని కుక్కలు, బాతులు చూడండి. చిత్రంలోని అలజడి అంతా వాటిదే. వేట ఆశ ఒకవైపు, ప్రాణభయం ఇంకొకవైపు. సరస్సులో నీరు చెదిరింది సరిగ్గా అక్కడే. జలంలో ప్రతిబింబించిన సూర్యుడు నీటి కదలికకు కదిలినట్టు కనబడతాడనీ, ఆకాశంలోని బింబానికి ఆ కదలిక అంటదనీ వేదాంతం వందసార్లు చెప్పింది. ఈ చిత్రంలో ఆ మాటకు ఒక చిన్న సవరణ, అనడం కంటే ఒక చేర్పు, కనబడుతుంది. నీరు ఊరికే కదలదు. రాగమో భయమో దూకినచోటే కదులుతుంది. మిగతా సరస్సంతా కొండనీడను చెక్కుచెదరకుండా పట్టుకునే ఉంది. కుక్కలు దూకకుండా ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపించదు. అవి లేకపోతే నిశ్చలత అన్న మాటకు ఆ చిత్రంలో సాక్ష్యం ఉండదు.

టర్నర్ పనిముట్లలో ఒకటి అతని బొటనవేలి గోరు. దాన్ని గద్దగోరులా పొడుగ్గా పెంచుకున్నాడని అతణ్ని ఎరిగినవాళ్లు చెప్పారు. 1818లో యార్క్‌షైర్‌లోని ఫార్న్లీ హాల్‌లో, తన స్నేహితుడు వాల్టర్ ఫాక్స్ ఇంట్లో, యుద్ధనౌక బొమ్మను ఒక్క ఉదయంలో వేసినప్పుడు ఆ ఇంటి పిల్లవాడు పక్కనే కూర్చుని చూశాడు. తడిరంగు కాగితం నిండా పోసి, చింపినంత పని చేసి, గీరి, పిచ్చెత్తినవాడిలా పనిచేస్తుంటే మొదట అంతా గందరగోళంగా ఉందట. కొంచెం కొంచెంగా ఆ గందరగోళంలోంచి ఓడ వచ్చింది. రంగు తడిగా ఉండగా బట్టతో ఎత్తేయడం, ఆరాక కత్తితోనో గోరుతోనో గీరేయడం అతనికి కుంచె వాడినంత సహజం. నీటిమీద తళుకులు, చిందులు ఎక్కువగా అలా పుట్టినవే. పోసి, మళ్లీ తీయడం. కాగితం బయటపడటం.

అధ్యారోప అపవాదాలనే బోధనాపద్ధతి సరిగ్గా ఇదే. లేనిదాన్ని మొదట ఉన్నట్టు చెప్పి, సృష్టిక్రమం చెప్పి, కోశాలు చెప్పి, తర్వాత ఒక్కొక్కటే ఇది కాదు ఇది కాదని తీసేయడం. తీసేయడంలో కొత్తది ఏదీ పుట్టదు. గోరు గీసినచోట మెరిసిన తెలుపును గోరు తయారుచేయలేదు. జ్ఞానం మోక్షాన్ని ఉత్పత్తి చేయదని ఆచార్యులు పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదే. ఉత్పత్తి అయినది నశిస్తుంది. ఉన్నది బయటపడితే నశించే ప్రశ్నే లేదు. కాగితం మీది జిగురు పూత గట్టిగా ఉండబట్టే గీరినా కాగితం చిరగదు. ఘట్టితావస్థను, అంటే ఈశ్వరుణ్ని, భక్తిని, చిత్తశుద్ధిని తొందరపడి తోసేసి నేరుగా నేతి నేతి అంటూ గీకబోయేవాళ్లకు ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. మెత్తటి కాగితం గీరితే వెలుగు రాదు, చిల్లు పడుతుంది.

అయితే నీలి రిగిలో నన్ను పట్టుకున్న వెలుగు గీరిన వెలుగు కాదు. ఆ కొండంతటినీ ఎవరూ గీరలేదు. ఆకాశపు పసుపునూ గీరలేదు. పొరమీద పొర పలచగా కడిగినట్టు వేసి, ఏ పొరా తన కింది పొరను చంపకుండా చూసుకున్నాడు. కొండ అక్కడే ఉంది, నీలం అక్కడే ఉంది, కాగితమూ కనబడుతూనే ఉంది. మూడింటికీ తగవు లేదు.

విద్యారణ్యులు చిత్రదీపంలోనే ఈ విషయానికి వస్తారు. జీవుడు, జగత్తు బాధితమవుతాయి అంటే ఏమిటి? కనబడకుండా పోతాయనా? కాదంటారు. కనబడకపోవడమే బాధ అయితే గాఢనిద్రలో, మూర్ఛలో ఉన్న ప్రతివాడూ ఏ శ్రమా లేకుండా ముక్తుడే అయిపోవాలి. కాబట్టి బాధ అంటే అప్రతీతి కాదు, మిథ్య అన్న నిశ్చయం. ఈ ఒక్క విషయం సరిగ్గా పట్టుకోక ఎంతమంది సాధకులు ఏళ్ల తరబడి నలిగిపోతున్నారో చూస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. ధ్యానానికి కూర్చుంటారు. ఆలోచన వస్తుంది. గీరుతారు. ఇంకొకటి వస్తుంది. మళ్లీ గీరుతారు. మనసు ఖాళీ కాలేదని తమమీద తామే కోపం తెచ్చుకుంటారు. ఆ ఆలోచన ఏ తెలివిలో తెలుస్తోందో ఆ తెలివి ఆలోచనలోంచే కనబడుతోందని ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే చాలు. ఆలోచన పారదర్శకమైతే అడ్డు కాదు. ముద్దగా, కింద ఏమీ కనబడనివ్వకుండా మందంగా పూసిన రంగే అడ్డు. ‘నాది’ అన్న పట్టుదల ఆ మందం. గీరుడు అవసరమైన చోటు ఉంది, లేదనను. అది చిందులు లేచే చోటు, రాగద్వేషాలు దూకిన చోటు. కొండ అంతటినీ గీరాలనుకోవడం చిత్రాన్ని అపార్థం చేసుకోవడమే.

నీటిరంగుల విద్యలో ఇంకో విచిత్రం నీరే. సరస్సును నీటితోనే వేశాడు. రంగురేణువులను మోసుకొచ్చి, కాగితమంతా పరిచి, తగినచోట వదిలి, ఆ నీరు కొన్ని గంటల్లో ఆవిరైపోయింది. ఇప్పుడు ఆ చిత్రంలో సరస్సు ఉంది, 1842 నాటి నీటిచుక్క ఒక్కటీ లేదు. ఆత్మబోధలో శంకరులు చిల్లగింజ దృష్టాంతం చెప్పారు. మురికినీటిలో అరగదీసిన గింజ మురికిని అణచి, తానూ అడుగుకు చేరుతుంది. అలాగే జ్ఞానాభ్యాసం అజ్ఞానాన్ని పోగొట్టి తానూ పోతుంది. శాస్త్రం, శ్రవణం, మననం, ఆఖరికి అఖండాకారవృత్తి కూడా అలాంటి నీరే. పని అయ్యేదాకా అది లేకుండా కుదరదు. పని అయ్యాక దాన్ని దాచుకోవాలని చూస్తే కాగితం తడిసి ముద్దవుతుంది.

దృష్టాంతం అన్ని అంశాల్లోనూ సరిపోదన్నది శాస్త్రం తెలిసినవాళ్లకు కొత్త కాదు. కాగితం జడం, బ్రహ్మం చైతన్యం. కాగితం కాలంతో పసుపెక్కుతుంది. చిత్రాన్ని చూసేవాడు కాగితానికి వేరుగా బయట నిలబడతాడు, ఇక్కడ చూసేది, చూడబడేదాని ఆధారమూ ఒక్కటే. ఈ చివరి తేడా చిన్నది కాదు. పటం దృష్టాంతం అధిష్ఠానాన్ని చూపి ఆగిపోతుంది, ఆ అధిష్ఠానమే నువ్వని చెప్పడానికి మహావాక్యం కావాలి. విద్యారణ్యులు చిత్రదీపంలో పటంతో మొదలుపెట్టినా, వెంటనే ఘటాకాశం, జలాకాశం, మహాకాశం, మేఘాకాశం అనే మరో దృష్టాంతంలోకి వెళ్లడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది. అక్కడ నీళ్లకుండలో ప్రతిబింబించిన ఆకాశం జీవుడు, కుండలో నిండిన ఆకాశం కూటస్థుడు, అంటే మార్పులేని సాక్షి. బయట కాగితంగా చూసినదాన్ని లోపల కూటస్థుడిగా గుర్తుపట్టమని పిలుపు అది.

2006లో నీలి రిగి లండన్ వేలంలో 58 లక్షల పౌండ్లు పలికింది. అది దేశం దాటిపోకుండా ప్రభుత్వం ఎగుమతిని కొంతకాలం ఆపింది. 2007లో 49.5 లక్షల పౌండ్లకు టేట్ సంస్థ దాన్ని దక్కించుకుంది. ఆ సొమ్ములో కొంత కోసం ఆర్ట్ ఫండ్ అనే సంస్థ ప్రజలను అడిగింది. ఐదు పౌండ్లిచ్చి కుంచె గీత ఒకటి కొనమంది. వేలమంది కొన్నారు. తాము ఎన్నడూ ఇంటికి తీసుకుపోలేని కొండ కోసం అంతమంది డబ్బిచ్చారంటే అది పూజకు దగ్గరగా వచ్చిన పని అని నేను నమ్ముతున్నాను. కొనడానికి పెట్టింది కుంచె గీతలను. వాటిలోంచి వచ్చే వెలుగుకు వెల కట్టలేదు, కట్టడం కుదరదు కూడా.

ఎప్పుడూ గోడకు వేలాడదీసే చిత్రం కాదిది. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకే ఇలాంటి చిత్రాలను చాలాకాలం చీకటిలో భద్రపరచి, బయటికి తీసినప్పుడు కూడా 50 లక్స్ వంటి మందకాంతిలో, పరిమితమైన రోజులే చూపుతారు. ఏ వెలుగు వల్ల కనబడుతున్నాయో ఆ వెలుగే వాటిని మెల్లగా హరిస్తోంది. వెలుగుకు ఎదురుగా నిలబడ్డ నామరూపాల గతి అంతేనని మన పెద్దలు చెప్పారు. వారి మాటలో దుఃఖం లేదు.

పంచదశిలో చిత్రదీపం తర్వాతి ప్రకరణం తృప్తిదీపం. అజ్ఞానం, ఆవరణం, విక్షేపం, పరోక్షజ్ఞానం, అపరోక్షజ్ఞానం, శోకనివృత్తి, తృప్తి అని జీవుడి ఏడు అవస్థలు అక్కడ వివరిస్తారు. బొమ్మను బొమ్మగా, పటాన్ని పటంగా ఎరిగినవాడికి తర్వాత వైరాగ్యదీపమో సన్యాసదీపమో రాయలేదు ఆయన. తృప్తినే రాశారు.